కళ్ళ బండికి సోమవారం జబ్బు

సోమవారం వచ్చిందంటే చాలు, కళ్ళ బండి ప్రాణం పోయేది. మంగళవారం నుంచి శనివారం దాకా దానంత బుద్ధిమంతురాలు లేదు. తాళం తిప్పీ తిప్పకముందే ఇంజను అందుకునేది. సోమవారం పొద్దున మాత్రం టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. డ్యాష్‌బోర్డు మీద దీపాలు కూడా కళ్ళు తేలేసేవి. ఇలా వరసగా నాలుగు సోమవారాలు.

కళ్ళ బండి అంటే కంటి ఆసుపత్రి వాళ్ళ వ్యాను. లోపల ఒక కుర్చీ, అద్దాల పెట్టెలు, అరచేయంత అక్షరాలతో మొదలై చీమ తలకాయంత అక్షరాలతో ముగిసే పటం ఉంటాయి. ఆసుపత్రి దాకా రాలేని వాళ్ళ వీధికి అదే వెళ్ళి, చూపు పరీక్ష చేయించి, కళ్ళజోళ్ళు ఇప్పించి వస్తుంది. తొమ్మిదేళ్ళుగా దాన్ని నడుపుతున్న డ్రైవరుకు అరవై దాటాయి. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ దాన్ని వాడే వాళ్ళు లేరు. అందరూ ఆయన్ని "మరోసారి గారు" అనే పిలుస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. బండి దిగేముందు ఆయన ఏడింటిని ముట్టుకుని లెక్కపెడతాడు. హెడ్‌లైట్లు, లోపలి లైటు, ఫ్యాను, వైపర్లు, రేడియో, కిటికీ అద్దాలు, హ్యాండ్‌బ్రేకు. బొటనవేలితో వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కుకుంటూ ఏడూ పూర్తిచేస్తాడు. హమ్మయ్య, అయిపోయింది అని మనం అనుకునేలోపు "మరోసారి చూద్దాం" అని మళ్ళీ మొదటి కణుపుకు వస్తాడు. పక్కన కూర్చున్న డాక్టర్లు ఈలోగా ఒక కునుకు తీసి లేచిన రోజులున్నాయి. ఇంట్లో కూడా అంతే. ఆయన తలుపు గడియ వేశాడంటే ఆ గడియకే విసుగొస్తుందని భార్య అంటుంది.

అలాంటి మనిషిని పట్టుకుని లైట్లు ఆర్పడం మర్చిపోతున్నాడన్నారు.

ఆ మాట అన్నది ఆసుపత్రి మేనేజరమ్మ. ఆవిడ చెడ్డదని కాదు. నాలుగు సోమవారాలు ఎక్కడో ఒక వీధిలో నలభై మంది ఎండలో కూర్చుని బండి కోసం ఎదురుచూసి తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సింది ఆవిడే. ఇప్పటికే రెండు బ్యాటరీలు మార్పించింది. ఆసుపత్రి బండ్లన్నీ చూసే గరాజుకు పంపింది. వాళ్ళు పైనా కిందా తట్టి, బండిలో లోపమేమీ లేదు, డ్రైవరు లైట్లు వదిలేస్తున్నాడు అని కాగితం మీద రాసి, ముద్ర కూడా కొట్టి పంపారు.

నాలుగో సోమవారం ఆవిడ డ్రైవరును గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. అరిచి ఉంటే ఆయనకు అంత బాధ ఉండేది కాదు. ఆవిడ మెత్తగా మాట్లాడింది.

"డ్రైవరు గారూ, వయసొచ్చాక ఎవరికైనా ఇది మామూలే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వచ్చే సోమవారం కూడా ఇలాగే అయితే మాత్రం తాళంచెవి ఇంకొకరికి ఇద్దాం. మీరు లోపల చీట్లు రాసే చోట కూర్చుందురు. నీడపట్టున ఉంటుంది."

నీడపట్టున కూర్చోమన్న మాట ఆయనకు తల కొట్టేసినట్టనిపించింది. ముప్పై ఎనిమిదేళ్ళ డ్రైవరు ఉద్యోగంలో ఆయన బండి ఎవరినీ గీరలేదు, ఎవరితోనూ తోయించుకోలేదు. ఆయన లేచి నిలబడి ఒక్కటే అడిగాడు. "మా అమ్మాయికి ఒకసారి చూపిస్తానమ్మా. కాదనకండి." మేనేజరమ్మ కాదనలేదు.

ఆ అమ్మాయిని వీధంతా కరెంటమ్మ అంటుంది. వీధి మొదట్లో ఇంజన్ల మేస్త్రితో కలిసి వర్క్‌షాపు నడుపుతోంది. ఇంజను మేస్త్రిది, తీగలు కరెంటమ్మవి. హారన్ మోగకపోయినా, మోగడం ఆపకపోయినా ఆమె దగ్గరికే రావాలి. ముప్పై అయిదేళ్ళ మనిషి. చెవి వెనక టెస్టరు పెట్టుకుని తిరుగుతుంది. దాన్ని తీయకుండానే పెళ్ళికి వెళ్ళి ఫోటోల్లో అలాగే పడ్డ ఘనత కూడా ఆమెకు ఉంది.

ఆ వర్క్‌షాపులో ఒక బోర్డు ఉంది. దాని సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. రోడ్డున పోయే వాళ్ళకు కూడా కనబడేలా గోడకు కొట్టిన నల్లబోర్డు అది. అక్కడ పనిచేసే వాళ్ళు ఎవరు తప్పు చేసినా, తమ చేత్తో, సుద్దముక్కతో, అందరూ చదివేలా దాని మీద రాయాలి. ఒకసారి రాశాక, ఇంకొకరు ఇంకో తప్పు చేసి దాని చోట రాసేదాకా తుడవకూడదు. వర్క్‌షాపు తెరిచిన రోజే కరెంటమ్మ పెట్టిన నియమం అది. చిన్నప్పటి నుంచీ తండ్రి ఒక్కో గరాజు నుంచి ముఖం మాడ్చుకుని తిరిగి రావడం ఆమె చూసింది. మెకానిక్కు బోల్టు సరిగా బిగించకపోయినా డ్రైవరు తోలడం తెలియక విరగ్గొట్టాడని రాసి పంపేవారు. మన దగ్గర మాత్రం మన తప్పు డ్రైవరు నెత్తిన పడకూడదు అనుకుంది.

పాపం, ఆ నియమానికి బలైంది మేస్త్రి. పదకొండు నెలలుగా బోర్డు మీద ఆయన రాతే ఉంది. "ఆయిలు మార్చి, కింద బోల్టు పెట్టడం మరిచాను. రోడ్డంతా ఆయిలు. మేస్త్రి." దారినపోయే పిల్లలకు కూడా ఆ వాక్యం కంఠతా వచ్చేసింది. ఇంకెవరైనా ఒక్క తప్పు చేయకపోతారా అని ఆయన కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నాడు. కరెంటమ్మ చేయదు. ఈ పదకొండు నెలలే కాదు, వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచీ ఆ బోర్డు మీద ఆమె చేతిరాత ఒక్కసారి కూడా పడలేదు. ఆమెకు అదంటే లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ సోమవారం మధ్యాహ్నమే, ఇంకో బండి లాక్కురాగా, కళ్ళ బండి వర్క్‌షాపుకు వచ్చింది. కరెంటమ్మ మిగతా పనులన్నీ పక్కన పెట్టింది. బ్యాటరీ నిండా చార్జి ఎక్కించింది. నెగటివ్ తీగ ఊడదీసి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరు కట్టింది. అలా కడితే బండి ఎంత కరెంటు తాగినా మీటరులోంచే పోవాలి, దొంగతనంగా తాగడం కుదరదు. డ్రైవరు తలుపు తెరిచి ఉంచి, తలుపు గొళ్ళేన్ని మాత్రం స్క్రూడ్రైవరుతో నొక్కి మూసింది. బండి తన తలుపులన్నీ మూసి ఉన్నాయనుకోవాలి. తాళం తీసి అరగంట ఆగింది. ఆగాల్సిందే, ఈ కాలం బండ్లు వెంటనే నిద్రపోవు.

అరగంటయ్యాక మీటరు అంకె కిందికి దిగి కుదురుకుంది. ఇరవై అయిదు మిల్లీ ఆంపియర్లు. గడియారం నడవడానికి సరిపడేంత. అంత మాత్రం తాగితే బండి నెల రోజులు నిలబడినా బ్యాటరీకి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆమె నమ్మలేదు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి, మీటరు చూసి, మళ్ళీ పెట్టింది. తీగల మీద చేయి వేసి ఎక్కడైనా వెచ్చగా ఉందేమో చూసింది. బ్యాటరీకి చార్జి ఎక్కించే ఆల్టర్నేటర్ చూసింది. సాయంత్రమైంది. బండిని అలాగే వదిలేసి, మంగళవారం పొద్దున వచ్చి తాళం తిప్పితే ఇంజను నవ్వినట్టు అందుకుంది.

"బండి బాగుంది. బ్యాటరీ బాగుంది. ఇక మిగిలింది..." అని మేస్త్రి నాలుక్కరుచుకున్నాడు.

"మిగిలింది ఏంటి బాబాయ్?"

"ఏముందమ్మాయ్, టీ మిగిలింది. చల్లారిపోతోంది, తాగు."

ఆయన మింగిన మాట ఆమెకు వినబడనే వినబడింది. అసలు ఆ మాట ఆమె లోపల రాత్రి నుంచే మెసులుతోంది. నాన్న నిజంగానే మర్చిపోతున్నాడేమో. మొన్నామధ్య కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికాడు కదా. పెరట్లో ఒకసారి కుళాయి వదిలేశాడు కదా. అనుమానానికి సాక్ష్యాలు ఎక్కడినుంచో పరిగెత్తుకుంటూ వస్తాయి. వచ్చిన ప్రతి సాక్ష్యానికీ ఆమె సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే ఇంకొకటి వెతికింది.

ఆమెను ఆపింది ఒక్కటే ప్రశ్న. మర్చిపోయే మనిషి సోమవారానికి మాత్రమే ఎందుకు మర్చిపోతాడు? మతిమరుపుకు వారాలు తెలుసా?

మిగతా రోజుల్లో బండి ఆసుపత్రి ఆవరణలో, కాపలా మనిషి కళ్ళ ముందు ఉంటుంది. శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి గేటు మూసేస్తారు. అందుకని ఆయన దాన్ని పక్క వీధిలో ఆసుపత్రి వాళ్ళ ఇరుకు షెడ్డుకు తెచ్చి పెడతాడు. సోమవారం పొద్దున అక్కడినుంచే తీస్తాడు. శనివారం మధ్యాహ్నం వర్క్‌షాపులో ఊపిరాడనంత పని ఉంటుంది కాబట్టి ఆ షెడ్డులో నాన్న బండిని ఎలా పెడతాడో కరెంటమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆమే కాదు, ఎవరూ చూడలేదు. అందరూ బండిని పరీక్షించారు గానీ బండి పెట్టే పద్ధతిని ఎవరూ పరీక్షించలేదు. ఆ సంగతి తట్టగానే ఆమె సగం టీ వదిలేసి లేచింది.

శనివారం మధ్యాహ్నం వర్క్‌షాపు మేస్త్రికి అప్పగించి, మీటరు పట్టుకుని షెడ్డు దగ్గర నిలబడింది. కళ్ళ బండి వచ్చింది. తండ్రి ఆమెను చూసి మొదట మురిసిపోయాడు. చేతిలో మీటరు చూసి ఆ నవ్వు తగ్గించాడు.

"ఏంటమ్మా, ఇక్కడున్నావ్?"

"నాన్నా, ప్రతి శనివారం పెట్టినట్టే బండి పెట్టు. నేనున్నానని ఏదీ మార్చకు. ఏదీ వదలకు. నేను పక్కన నిలబడి చూస్తానంతే."

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూశాడు. "నువ్వు కూడానా తల్లీ?" అన్నాడు.

ఆమె మీటరు తీగల చిక్కు విప్పుకుంది. ఆయన గేరు మార్చి బండిని వెనక్కి నడిపించాడు. షెడ్డు ఎంత ఇరుకంటే, బండి పక్కన మనిషి అడ్డంగా తిరిగితేనే దారి. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ముందుకు తీయకుండా, వెనక గోడకు జానెడు దూరంలో ఆపాడు. కొడితే ఇలా కొట్టాలి స్టీరింగు అనిపించింది ఆమెకు. ఆ గర్వం ఆ బాధలో కూడా వచ్చింది.

ఇంజను ఆగాక ఆమె మీటరు కట్టింది. తీగలు బానెట్ సందులోంచి బయటికి లాగి, బానెట్ మెల్లగా దించి, మీటరును ముందు అద్దం మీద పెట్టింది. లోపల ఆయన లెక్క మొదలైంది. హెడ్‌లైట్లు. లోపలి లైటు. ఫ్యాను. ఒక్కోదానికి బొటనవేలు ఒక్కో కణుపు ఎక్కింది. ఏడూ అయ్యాయి. తలెత్తి, అద్దంలోంచి కూతుర్ని చూసి, గట్టిగా, తగువు పెట్టుకుంటున్నట్టు అన్నాడు.

"మరోసారి చూద్దాం."

రెండోసారి కూడా ఏడూ సరిపోయాయి. దిగి వచ్చి మందపాటి గుడ్డ కవరు తీసుకుని బండి వెనక్కి పక్కదారిలో ఒదిగి వెళ్ళాడు. వెనక నుంచి కప్పుకుంటూ, తాళ్ళు ముడేసుకుంటూ ముందు సీటు దాకా వచ్చాడు. డ్రైవరు తలుపు మాత్రం కప్పకుండా తెరిచి ఉంచాడు; దాని గొళ్ళేన్ని కరెంటమ్మ మొన్నటిలాగే స్క్రూడ్రైవరుతో మూసిపెట్టింది. మీటరు అంకె దిగుతూ దిగుతూ ఇరవై అయిదు దగ్గర ఆగింది. ఎక్కడా ఏ తప్పూ లేదు. కరెంటమ్మ మీటరును తట్టి చూసింది. ఇప్పుడు అన్నీ సరిగ్గా చేస్తున్నాడంటే, మిగతా శనివారాల్లో తను లేనప్పుడు మర్చిపోతున్నాడనే కదా అర్థం.

అప్పుడు ఆయన సీటు కింద నుంచి కడ్డీ తీశాడు.

ఆ కడ్డీ ఆమె చేసిందే. నిరుడు మేస్త్రి దగ్గర వెల్డింగు నేర్చుకుని, మొట్టమొదట తయారుచేసిన వస్తువు. పైకొన స్టీరింగును పట్టుకుంటుంది, కింద కొన బ్రేకు పెడల్‌ను పట్టుకుంటుంది, మధ్యలో తాళం పడుతుంది. ఎవడూ బండి ఎత్తుకుపోలేడు. ఈ బండికే కొలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా కోసింది. తండ్రి దాన్ని చూపించని మనిషి లేడు. చూపు పరీక్షకు వచ్చిన ముసలమ్మలకు కూడా "ముందు ఈ కడ్డీ చూడండి, మా అమ్మాయి చేసింది. పటం తర్వాత చదువుదురు గాని" అనేవాడు.

ఆయన కడ్డీని స్టీరింగుకు తగిలించి, కింద కొనను పెడల్ దగ్గర కుదిర్చి, తాళం నొక్కాడు. క్లిక్కుమంది.

మీటరు మీద ఇరవై అయిదు మాయమైంది. మూడున్నర ఆంపియర్లు, అంటే నూట నలభై రెట్లు.

"నాన్నా! కదలకు! ఏదీ ముట్టుకోకు!"

ఆమె పక్కదారిలో గోడకు వీపు రాసుకుంటూ వెనక్కి పరిగెత్తింది. కవరు అంచు పట్టుకుని ఎత్తింది. బండికీ గోడకూ మధ్య ఉన్న ఆ జానెడు జాగా అంతా ఎర్రగా వెలుగుతోంది. బ్రేకు లైట్లు. పట్టపగలు, మందపాటి కవరు కింద, గోడకు ముఖం పెట్టుకుని వెలుగుతున్నాయి. ఎవరికి కనబడతాయి? సోమవారం ఆయన వచ్చి కవరు తీసేసరికి బ్యాటరీ ఖాళీ, లైట్లు ఆరిపోయి ఉంటాయి. కడ్డీ తీశాక ఇక తప్పు పట్టుకుందామన్నా ఏమీ మిగలదు. ఆసుపత్రిలో కాపలా ఉంటుంది కాబట్టి అక్కడ కడ్డీ వేయడు. గరాజులో ఎవరూ వేయరు. తనూ వేయలేదు.

ఆమె ముందుకు వచ్చి వంగి చూసింది. కడ్డీ కింద కొనకు నల్లటి రబ్బరు చుట్టి ఉంది, సైకిలు ట్యూబు కోసి, ముచ్చటగా, వరసలు వరసలుగా. ఆ మందం వల్ల పెడల్ బియ్యపుగింజంత లోపలికి దిగింది. పెడల్ దిగితే, తాళం లేకపోయినా, వెనక లైట్లు వెలిగించే బ్రేకు స్విచ్చికి అంత చాలు.

"ఈ రబ్బరు ఎప్పుడు చుట్టావు నాన్నా?"

"నెల కావస్తోందమ్మా. ఇనుము తగిలి పెడల్ మీద గీత పడుతోంది. నీ కడ్డీ అంచు అరిగిపోతుందని కూడా. ఎందుకు?"

"ఎన్ని శనివారాలు అయి ఉంటుంది?"

ఆయన బొటనవేలు కణుపుల మీద నడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో కణుపు మీద ఆగిపోయింది.

"అంటే నేనేనా తల్లీ?" అన్నాడు చిన్నగా.

"నువ్వు కాదు!" ఆమె అరిచినంత పని చేసింది. "నువ్వు ఒక్కటి కూడా మర్చిపోలేదు నాన్నా. రెండేసి సార్లు చూశావు. లైట్లు ఆరాయి, అద్దాలు మూసుకున్నాయి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పు నాది. వేలెడు ఖాళీ వదలకుండా కడ్డీ కోశాను. రబ్బరో, గుడ్డో, ఏదైనా అడ్డం వస్తే పెడల్ దిగుతుందని నాకు తెలియొద్దూ? బ్రేకు స్విచ్చిల మీద బతికే దాన్ని."

"నువ్వు చేసిన కొలత సరిగ్గా ఉంది. సంవత్సరం పాటు పనిచేసింది. చెడగొట్టింది నా రబ్బరు."

"రబ్బరు చుట్టడం డ్రైవరు జాగ్రత్త. దానికి చోటివ్వకపోవడం పనివాళ్ళ తప్పు."

"నా తప్పును నువ్వు లాక్కోకు."

"నాది నీకెందుకు ఇస్తాను?"

ఇద్దరూ ఆ ఇరుకు షెడ్డులో తప్పు కోసం ఆస్తి తగాదాలా పోట్లాడుకున్నారు. కూతురే ముందు తగ్గింది.

"నేను కూడా అనుకున్నాను నాన్నా. నువ్వు మర్చిపోతున్నావని. వారమంతా అనుకున్నాను."

"తెలుసు. ఇందాక అడిగినప్పుడే తెలిసింది." ఆయన కడ్డీ తాళం తీసి, ఆమె చేతిలో పెట్టాడు. "మిగతా వాళ్ళు అనుకుని ఊరుకున్నారు. నువ్వు మీటరు తెచ్చావు. నాకు అది చాలమ్మా."

రబ్బరు తీసేస్తే పని అయిపోయేది. ఆమె తీయలేదు. పెడల్ మీద గీత పడకూడదన్న మనిషి పట్టుదలలో తప్పేముంది? తగ్గాల్సింది కడ్డీయే. వర్క్‌షాపుకు తీసుకెళ్ళి, మధ్యలో వేలెడు ముక్క కోసి, మళ్ళీ అతికి, నునుపు చేసింది. రెండు కొనలకూ తనే కొత్త రబ్బరు వేసింది. తీసుకొచ్చి బిగించి మీటరు చూస్తే ఇరవై అయిదు. తర్వాత సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచింది.

మేస్త్రి చేతిలోని స్పానరు కింద పడేశాడు. "నిజంగానా? తుడిచేయనా? నేనే తుడుస్తానమ్మాయ్, నీకెందుకు శ్రమ!" అని, పదకొండు నెలల తన అపకీర్తిని పాత చొక్కాతో మూడుసార్లు తుడిచాడు. అంత ఉత్సాహంలోనూ ఒక సంగతి గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "మేనేజరమ్మ ఈ దారినే వస్తుంది. ఆసుపత్రి బండ్లన్నీ మనకే ఇద్దామా అని చూస్తోందట. ఇది చదివితే ఇంకేం ఇస్తుంది? సోమవారం తర్వాత రాయి."

"చదవాలనే రాస్తున్నా బాబాయ్," అంది ఆమె.

సోమవారం ఎనిమిది గంటలకు మేనేజరమ్మ షెడ్డుకు వచ్చింది. వెంట ఒక కొత్త డ్రైవరు కూడా ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని. మరోసారి గారు కవరు తీశాడు, కడ్డీ తీశాడు, తాళం తిప్పాడు. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది.

"చూశారా, గుర్తు పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు," అంది మేనేజరమ్మ సంతోషంగా.

పెద్దాయన ముఖం పాలిపోయింది. బండి బతికింది గానీ మాట బతకలేదు. కరెంటమ్మ ముందుకొచ్చింది.

"అమ్మా, ఒక్క నిమిషం. మీరు బండి వెనక మూల దాకా వెళ్ళి నిలబడాలి. ఇరుకే. కాస్త ఒదిగి వెళ్ళండి."

ఆవిడ ఒదిగి ఒదిగి వెళ్ళింది. "నాన్నా, ఇంజను ఆపు. తాళం బయటికి తీసెయ్. ఇప్పుడు బ్రేకు మీద చిటికెనవేలు పెట్టి, బియ్యపుగింజంత నొక్కు." ఆయన సీట్లోంచి వంగి వేలితో నొక్కాడు. వెనక నుంచి మేనేజరమ్మ "అమ్మో" అనడం అందరికీ వినబడింది. జానెడు దూరంలోని గోడా, గోడతోపాటు ఆవిడ ముఖమూ ఎర్రబడ్డాయి.

ఆవిడ బయటికి వచ్చేలోపు కరెంటమ్మ జరిగిందంతా చెప్పేసింది. కడ్డీ తనదేనన్నది మొదటే చెప్పింది. మేనేజరమ్మ మోచేతి సున్నం దులుపుకుంటూ విన్నది. విని, సంచిలోంచి ఆ ముద్ర కొట్టిన కాగితం తీసి, మరోసారి గారి ముందు నిలబడింది.

"డ్రైవరు గారూ, ఈ కాగితం చూసి మిమ్మల్ని అనరాని మాట అన్నాను. తప్పే. మనసులో పెట్టుకోకండి."

"బండెక్కండమ్మా. జనం ఎదురుచూస్తుంటారు," అన్నాడాయన. కొత్త డ్రైవరు జేబుల్లోంచి చేతులు తీసి ఆయనకు నమస్కారం పెట్టాడు. ఆ పూటకు అతను చేసిన పని అదొక్కటే.

దారిలో వర్క్‌షాపు ముందు ఆయన బండి ఆపాడు. కూతుర్ని దింపడానికి ఆపాడు గానీ, బోర్డు చూసి తనే దిగిపోయాడు. మేనేజరమ్మా దిగింది. అరచేయంత అక్షరాలు. కళ్ళజోడు అక్కరలేని వాళ్ళకూ, ఉన్న వాళ్ళకూ, రోడ్డుకు అవతలి గట్టు మీద కూర్చున్న వాళ్ళకూ కనబడేలా ఉన్నాయి.

"తాళం కడ్డీలో వేలెడు ఖాళీ వదలకుండా కోశాను. కంటి ఆసుపత్రి బండి నాలుగు సోమవారాలు ఆగిపోయింది. తప్పు నాది. డ్రైవరు ఏమీ మర్చిపోలేదు. కరెంటమ్మ."

ఆయన మేస్త్రి చేతిలోంచి సుద్దముక్క లాక్కున్నాడు. "రబ్బరు సంగతి రాయలేదు. నేను రాస్తా."

"కుదరదు," అంది కరెంటమ్మ. "ఇక్కడ పనిచేసే వాళ్ళే రాయాలి. అది నియమం."

"అయితే నన్ను పనిలో పెట్టుకో."

"ఖాళీల్లేవు నాన్నా. నీ ఉద్యోగం నీకుంది. వెళ్ళు."

మేనేజరమ్మ ఇంకా బోర్డు వైపే చూస్తోంది. "ఇది మీరే రాశారా? మీ దుకాణం ముందు, మీ చేత్తో?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మేస్త్రి వైపు తిరిగింది. "మా మిగతా మూడు బండ్లూ రేపటి నుంచి ఇక్కడికే పంపిస్తాను." మేస్త్రి అటు తిరిగి స్పానరు వెతుక్కోవడం మొదలుపెట్టాడు, అది చేతిలోనే ఉన్నా.

ఆ తర్వాత మరోసారి గారు ఎవరికీ కడ్డీ చూపించడం మానేశాడు. ఇప్పుడు మనుషుల్నే బోర్డు దగ్గరికి పట్టుకొస్తున్నాడు. డాక్టర్లను తెచ్చాడు, కూరలమ్మే ఆవిడను తెచ్చాడు, కొత్త కళ్ళజోళ్ళు పెట్టుకున్న వాళ్ళను "పటం కంటే ఇది బాగా కనబడుతుంది, చదవండి" అని బండి ఆపి మరీ చదివించాడు. "మా అమ్మాయి రాసింది" అనేవాడు. ఎవరైనా తప్పు రాసుకుంటే అంత గొప్పేంటండీ అని అడిగితే, వాళ్ళకు బండి నడపడం రాదన్నట్టు జాలిగా చూసేవాడు.

అయిదు వారాలు గడిచాయి. ఒక పొద్దున మేస్త్రి ఒక ఇంజను బిగించి లేచేసరికి చేతిలో రెండు బోల్టులు మిగిలాయి. ఆయన వాటిని చూశాడు, ఇంజనును చూశాడు, బోర్డును చూశాడు. నిట్టూర్చి, పాత చొక్కా తీసుకుని, తుడవడానికి చేయెత్తాడు.

"ఆగు మేస్త్రీ!"

రోడ్డు మీద కళ్ళ బండి ఆగింది. మరోసారి గారు దిగి, ఏ తొందరా లేకుండా వచ్చి, బోర్డుకు ఎదురుగా నిలబడ్డాడు. కరెంటమ్మ లోపల ఒక బండి కింద పడుకుని ఉంది. ఆమెకు తండ్రి చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి.

"మరోసారి చదవనియ్," అన్నాడాయన.

చదివాడు. మొదటి మూడు వాక్యాలూ పెదాలతోనే చదివాడు. నాలుగోది మాత్రం గొంతెత్తి, అవతలి గట్టు దాకా వినబడేలా చదివాడు.

"డ్రైవరు ఏమీ మర్చిపోలేదు."

చదివి, బొటనవేలితో ఒక కణుపు నొక్కుకున్నాడు. "ఇక తుడుచుకో," అని బండెక్కాడు.